తస్బీహ్ తిరిగేంతసేపు

మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడల్లా నాకు ఒక గది కనిపిస్తుంది. వరంగల్ మండిబజార్ వెనక సన్నటి సందులో ఉన్న ఇల్లు అది. కిటికీకి పచ్చ పరదా దించి ఉంటుంది. బయట మండిపోయే ఎండ ఆ పరదాను దాటి వచ్చేసరికి పెసలు కడిగిన నీళ్ల రంగుకు మారి గచ్చు మీద మెత్తగా పరుచుకుంటుంది. గోడలో పాత విండో ఏసీ, దాని కింద చాప, చాప మీద ఒక పెద్దామె, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడేళ్ల పిల్ల. పెద్దామె వేళ్ల మధ్య తస్బీహ్ తిరుగుతూ ఉంటుంది. నమాజు తర్వాత దేవుణ్ని తలుచుకుంటూ తిప్పే ముప్పైమూడు పూసల దండ అది. కలలో ఎవరూ మాట్లాడరు. కరెంటు వచ్చింది, ఏసీ ఇంకా రాలేదు, అందరం దానికోసం ఎదురుచూస్తూ ఉంటాం. ఎంతసేపు చూస్తామో తెలియదు. ఎక్కడో 'టక్' మని చిన్న చప్పుడవుతుంది, నాకు మెలకువ వస్తుంది. కళ్లు తెరిస్తే మా ఇంట్లో మంచం మీదే ఉంటాను, నెత్తి మీద ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేశాను. పని మానేసి నాలుగేళ్లవుతోంది. పాత షాపు వైపు వెళ్తే కొత్తగా పనిలో చేరినవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడతారు. "కాకా, నీ సర్వీసుల అన్నిటికన్న కష్టమైన రిపేరేంది?" అని అడుగుతారు. వాళ్లకు నేను చెప్పే కథలు వేరే ఉన్నాయి. ఊరి పెద్దమనిషి ఇంటి పెళ్లి మండపంలో ఏసీలన్నీ ఒక్కసారి ఆగిపోతే ఎలా నిలబెట్టానో, అలాంటివి. అవి చెప్పుకోవడానికి బాగుంటాయి. కష్టమైన రిపేరు గురించి కాదు, నేను సిగ్గుపడ్డ రిపేరు గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లు చదువుకుంటే చాలు.

ముందు ఆ మూడు నిమిషాల సంగతి చెప్పాలి. ఏసీ నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి. లోపల కంప్రెసర్‌లో గ్యాసు ఒక పక్క బిగుసుకుని ఉంటుంది. అది సర్దుకోవడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు కరెంటు వచ్చి మళ్లీ తిరగమంటే అది తిరగలేదు. నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన మనిషి నెత్తిన గుమ్మంలోనే బియ్యం బస్తా పెట్టినట్టు అవుతుంది. గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, అదే పనిగా జరిగితే లోపల తీగ చుట్ట కాలిపోతుంది. అందుకే స్టెబిలైజర్ డబ్బాలో ఒక ఏర్పాటు ఉంటుంది. కరెంటు వచ్చినా సరే, మూడు నిమిషాలు ఆగి, 'టక్' మని అప్పుడు ఏసీకి వదులుతుంది. వోల్టేజీ సరిచేయడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. ఆపి ఉంచడం అంతకన్నా పెద్ద పని.

మా షాపులో నాకన్నా పదేళ్లు పెద్ద మెకానిక్ ఒకాయన ఉండేవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఎవరి ఇంట్లో పని ముగించినా ఆయన ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, డబ్బా ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. ఇంటివాళ్లు చాయ్ ఇచ్చేవాళ్లు. ఆయన జీవితంలో తాగిన చాయ్‌లు సగం ఆ మూడు నిమిషాలవే. నేను పక్కన కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, "గ్యాసు కొట్టుడు ఎవడైనా నేర్సుకుంటడు. ఆగుడు నేర్సుకున్నోడే మెకానిక్" అనేవాడు. ముసలాయన చాయ్ కోసం చెప్పే కబుర్లు అనుకునేవాణ్ని.

ఇక ఆ ఇల్లు. ఇంటాయన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తా. వాళ్లది తొర్రూరు దగ్గర పల్లె. పిల్ల కోసమే ఊరు విడిచి వరంగల్ వచ్చారు. ఆ పిల్లకు పుట్టుకతోనే చెమట పట్టదు. చర్మం కింద చెమట గ్రంథులే లేవట. జుట్టు పల్చన, పళ్లు నాలుగైదు, ఏడ్చినా కంట్లో నీళ్లు అంతంత మాత్రమే. మనకు ఎండ తగిలితే చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. ఆ పిల్లకు ఆ దారి లేదు. ఎండాకాలం వస్తే ఒళ్లు గచ్చులాగా వేడెక్కడమే తప్ప చల్లారడం ఉండదు. వేడి పెరిగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణానికే ముప్పు అని దవాఖానలో చెప్పారు. అంగీ తడిపి ఫ్యాను కింద ఉంచితే అదే ఆమెకు చెమట అని కూడా చెప్పారు. కానీ వరంగల్ మే నెలలో తడిపిన అంగీ ఎంతసేపు ఉంటుంది? అందుకే ఆ ఇంట్లో ఏసీ పెట్టారు. మిగతా ఇళ్లలో ఏసీ సుఖం కోసం, ఆ ఇంట్లో ఊపిరి కోసం.

బిగించింది నేనే. బిగించి, డబ్బా చూపించి, కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దని చెప్పాను. ఇంటాయన తల్లి, అంటే పిల్ల దాదీ, నన్ను ఎగాదిగా చూసింది.

"మూడు నిమిషాలంటె ఎంత బిడ్డా? గడియారం నాకు కనపడదు."

"ఎంతనో కాదు దాదీమా. జర సేపు."

"జర సేపంటె తెల్వదు పొల్లకు. ఇంకెంత, ఇంకెంత అని నా పానం తీస్తది."

తర్వాతి సారి వెళ్లేసరికి ఆమే లెక్క కట్టి పెట్టింది. కరెంటు రాగానే తస్బీహ్ అందుకుంటుంది. మూడు చుట్లు తిరిగి చివరి పూస వేళ్ల కింద పడేసరికి డబ్బా 'టక్' మంటుంది. నేను ప్లగ్గు పీకి పెట్టి, గడియారంతో చూశాను. రెండు మూడు క్షణాలు అటూ ఇటూ, అంతే. పిల్ల ఇప్పుడు 'ఇంకెంత' అని అడగడం లేదు. దాదీ వేళ్లనే చూస్తూ పడుకుంటుంది. మొదటి చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు. పచ్చటి వెలుతురులో పూసలు ఒక్కొక్కటి జారుతుంటే చూస్తున్న నాకే కళ్లు మూతలు పడేవి. ఆ ఇంటికి సర్వీసుకు వెళ్లడమంటే నాకు ఇష్టంగా ఉండేది. బయట సందులో ఉల్లిగడ్డల బండి అరుపు కూడా చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించేది.

ఇక నా తప్పు. రెండేళ్లు గడిచాక, మార్చి నెలలో ఫిల్టర్ కడగడానికి వెళ్లాను. పని మధ్యలో కరెంటు పోయింది. ఇరవై నిమిషాలు రాలేదు. తల్లి పిల్ల అంగీ తడిపింది, దాదీ విసనకర్ర విసిరింది. అప్పటిదాకా ఆ ఇంట్లో కరెంటు పోయినప్పుడు నేను ఎప్పుడూ లేను. పిల్ల బుగ్గలు దానిమ్మ గింజల రంగుకు తిరగడం అదే మొదటిసారి చూడటం. కరెంటు వచ్చింది. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. దాదీ తస్బీహ్ అందుకుంది. పిల్ల ఆ దీపాన్నే చూస్తూ అడిగింది.

"మామూ, నీ డబ్బకు నేనంటె కోపమా?"

"ఎందుకు బిడ్డా?"

"కరెంటు వచ్చినా చల్లగాలి రానియ్యదు."

వాళ్లమ్మ నన్ను అన్నా అంటుంది కాబట్టి నేను పిల్లకు మామూని. ఇన్ని వేల ఏసీలు బాగుచేసినవాణ్ని, ఒక పిల్లకు మూడు నిమిషాలు తగ్గించలేనా అనిపించింది. స్టెబిలైజర్ లోపల చిన్న మీట ఉంటుంది. ఒక పక్కకు జరిపితే మూడు నిమిషాలు, ఇంకో పక్కకు జరిపితే కొన్ని క్షణాలు. రెండోది టీవీలాంటి వాటికి. తల్లి చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. దాదీ నమాజుకు లేచింది. నేను డబ్బా విప్పి మీట జరిపాను.

తెలియక చేశానని చెప్పను. తెలిసే చేశాను, పైగా లెక్క కూడా వేసుకున్నాను. ఈ సందులో కరెంటు పోతే పావుగంటకు తక్కువ ఉండదు. ఆ పావుగంటలో గ్యాసు దానంతట అదే సర్దుకుంటుంది. ఇక మళ్లీ మూడు నిమిషాలు ఎందుకు? లెక్క తప్పేం కాదు. కరెంటు ఎప్పుడూ పావుగంట పోతుందని అనుకోవడంలోనే ఉంది తప్పు. మెయిన్ ఆపి, కాసేపాగి వేసి చూపించాను. కన్ను మూసి తెరిచేంతలో ఏసీ లేచింది. పిల్ల లేచి కూర్చుని చప్పట్లు కొట్టింది. "మామూ జాదూ చేసిండు" అంది. ఆ రోజు నేను స్కూటర్ మీద ఇంటికి వెళ్లలేదు, గాలిలో తేలుతూ వెళ్లాను. షాపులో ఉస్తాద్‌కు మాత్రం చెప్పలేదు. చెప్పలేదంటేనే నాకు లోపల తెలుసన్నమాట.

నెల తర్వాత అదే సందులో ఎవరిదో ఫ్రిజ్ చూసి బయటికి వస్తుంటే దాదీ గుమ్మంలోంచి పిలిచింది.

"బిడ్డా, ఏసీ ఎందుకనో జల్ది వస్తాంది. నా తస్బీహ్ మొదటి చుట్టు సుత ఒడుస్తలేదు. జర చూసిపోరాదు."

"మంచిదే గదా దాదీమా. మీ దువా జల్ది ముడుతాంది అనుకోండ్రి" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "గట్లనా" అని ఒక్క మాట అని, కొంగు సర్దుకుని లోపలికి వెళ్లింది. మీటర్లు, గేజీలు సంచిలో వేసుకుని తిరిగే నాకు, పూసల దండ పట్టుకున్న ముసలామె రిపేరు చెప్పడం ఏమిటనుకున్నాను. నిజానికి ఆ ఏసీకి జబ్బు వచ్చిందని మొట్టమొదట పట్టుకున్నది ఆమే.

మే నెల వచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచే వడగాలి. మధ్యాహ్నం షాపులో టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. ఫోను మోగింది. పిల్ల తల్లి.

"అన్నా, గాలికి కరెంటు పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది, ఒక్క నిమిషంల ఐదారుసార్లు కొట్టింది. ఇప్పుడు కరెంటు మంచిగనే ఉన్నది. ఏసీ లేస్తలేదు. గుర్రుమని ఆగుతాంది. కాలిన వాసన వస్తాంది."

"పొల్ల ఎట్లున్నది చెల్లె?"

"వేడి పెరుగుతాంది అన్నా. ఈయన మార్కెట్‌ల ఉన్నడు. డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేసిన. గిసొంటి ఎండల ఆటోల తేవద్దు, తడుపుకుంట ఉండుండ్రి, జర చల్లబడినంక తీసుకరాండ్రి అన్నడు."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కంప్రెసర్ కాలిపోయిందని అక్కడికి వెళ్లి చూడనవసరం లేదు. ఉస్తాద్ నా మొహం చూసి విషయం అడిగాడు. చెప్పాను. "డబ్బ ఉండంగ ఎట్ల కాలిందిరా?" అన్నాడు. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. ఆయన రెండోసారి అడగలేదు.

కంప్రెసర్ తెప్పించాలంటే రెండు మూడు రోజులు. షాపులో ఉన్న కొత్తవన్నీ స్ప్లిట్ ఏసీలు, గోడకు కంతలు కొట్టి పైపులు లాగి బిగించేసరికి సాయంత్రమవుతుంది. ఆ ఇంటి గోడ కంతలో ఇప్పటికిప్పుడు పట్టేది అదే సైజు విండో ఏసీ ఒక్కటే. అది ఎక్కడుందో నాకూ ఉస్తాద్‌కూ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరం సేటు గది వైపు చూశాం.

షాపు యజమాని సేటు భోజనం చేసి, కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట మీద చేతులు పెట్టుకుని నిద్రపోతున్నాడు. నెత్తి మీద ఏసీ జోలపాట పాడుతోంది. లేపి అడిగే ధైర్యం నాకు లేదు, ఆగే టైమూ లేదు. ఉస్తాద్ స్విచ్ ఆపాడు. నేను లోపలి నుంచి స్క్రూలు తీశాను, ఆయన బయటి నుంచి పట్టాడు. చీరకుచ్చిళ్లు విప్పినంత మెల్లగా బయటికి లాగాం. గోడలో చదరపు కంత మిగిలింది. దాంట్లోంచి వడగాలి వచ్చి మొహానికి కొట్టేసరికి సేటు కళ్లు తెరిచాడు. కంతను చూశాడు, మమ్మల్ని చూశాడు, మళ్లీ కంతను చూశాడు. కల అనుకున్నాడేమో.

"ఏందిరా ఇది?"

"చెమట పట్టని పొల్ల ఇంట్ల మిషన్ కాలింది సేటు" అన్నాడు ఉస్తాద్.

సేటు భుజం మీది తువ్వాల తీసి నెత్తికి చుట్టుకున్నాడు. "మరి నిలవడి నా మొకం చూస్తరేంది? ఉరుకుండ్రి" అన్నాడు. ట్రాలీ ఆటోలో ఏసీ ఎక్కించి, మేం దానికి ఇరుపక్కలా కూర్చున్నాం. ఇనుము కాలుతున్నా నేను చెయ్యి తీయలేదు.

సందు మొదట్లోనే చూశాను. ఆ ఇంటి గుమ్మం దగ్గర ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే బొబ్బలెక్కేలా ఉన్నాయని, సందులో ప్రతి ఇంటి నుంచీ తాగే కుండలు వస్తున్నాయి. నుదుట బొట్టున్నవాళ్లు, నెత్తిన కొంగున్నవాళ్లు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి కుండలు నడుస్తున్నాయి. ఎవరూ అరవడం లేదు. కుండ గచ్చుకు తగిలే చప్పుడు, నీళ్ల చప్పుడు, అంతే.

లోపల పచ్చ వెలుతురు అలాగే ఉంది. బట్టలు నానబెట్టే టబ్బులో పిల్ల కూర్చుని ఉంది. దాదీ చెంబుతో నెత్తి మీద పోస్తోంది, తల్లి విసురుతోంది. పిల్ల కళ్లు సగం మూసి, ఎవరితోనో అన్నట్టు మెల్లగా మాట్లాడుతోంది.

"తొర్రూరు పోదాం దాదీ. బాయిల దిగుదాం. అడుగుల చల్లగుంటది."

"పోదాం బిడ్డా. దిగుదాం" అంటోంది దాదీ, పోయడం ఆపకుండా.

పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాను. నా చెయ్యే చల్లగా ఉంది. ఉస్తాద్ బయట, నేను లోపల. కాలినదాన్ని దింపాం, తెచ్చినదాన్ని ఎక్కించాం. స్టెబిలైజర్ విప్పి మీటను మళ్లీ మూడు నిమిషాల వైపు జరిపాను. ఎవరూ చూడలేదు. గుమ్మం దగ్గర ఒకామె, "గాలి ఎంత పని చేసె" అంటోంది. ఇంకొకామె, "కరెంటోళ్లకు ఏం పోయింది, వాళ్ల ఇండ్లల్ల పిల్లలు లేరా" అంటోంది. మన ఊళ్లో ఏం కాలినా కరెంటోళ్ల మీదికి తోసేయడం ఎంత తేలికో నాకు ఆ రోజు తెలిసింది. నోరు మూసుకుని సామాను సర్దుకుంటే చాలు, నేను ప్రాణం నిలబెట్టినవాణ్ని అయిపోతాను.

ఏసీ లేచింది. పిల్లను తడి దుప్పటిలో చుట్టి దాని కింద పడుకోబెట్టారు. చల్లగాలి దుప్పటి మీద పారడం మొదలైంది. పిల్ల ఒక్కసారి పొడుగ్గా ఊపిరి తీసింది. అంతలో బయట గాలి ఊపుగా వచ్చింది. గదిలో బల్బు ఒక్క క్షణం ఆరి వెలిగింది. ఏసీ ఆగిపోయింది. డబ్బా మీద ఎర్ర దీపం.

పిల్ల కళ్లు తెరిచింది. తల్లి నా వైపు చూసింది. నా చెయ్యి దానంతట అదే ప్లగ్గు మీదికి వెళ్లింది. స్టెబిలైజర్‌లోంచి పీకి, నేరుగా గోడకు పెడితే ఇప్పుడే లేస్తుందేమో. లేవకపోతే ఇది కూడా కాలిపోతుంది, ఈ ఊళ్లో నాకు తెలిసిన మూడో విండో ఏసీ లేదు. ఇవన్నీ తెలిసి కూడా చెయ్యి వెనక్కి రాలేదు. నా మణికట్టు మీద తడి వేళ్లు పడ్డాయి.

"జర ఆగు బిడ్డా" అంది దాదీ.

నడుముకు చెక్కుకున్న తస్బీహ్ తీసింది. పిల్ల పక్కన కూర్చుంది. పూస జరిగింది. పిల్ల అలవాటుగా కళ్లను ఆ వేళ్ల మీదికి తిప్పింది. ఇంకో పూస. మనవరాలి ఒళ్లు కాలిపోతుంటే ఆమె వేళ్లు రోజూ తిరిగినట్టే తిరిగాయి. నేను గోడకు ఆనుకుని గచ్చు మీద కూలబడ్డాను. అప్పుడు నోరు విప్పాను. మార్చిలో మీట జరిపానని, జాలిపడి చేశానని, డబ్బా ఆపాల్సినదాన్ని ఆపనివ్వలేదని, మీరు చెప్పినా నవ్వేశానని, కాల్చింది గాలి కాదు, కరెంటోళ్లు కాదు, నేనని. అంతా చెప్పేసరికి నా చెంపలు తడిసి ఉన్నాయి. తల్లి విసరడం ఆపింది.

దాదీ పెదవులు కదులుతున్నాయి, పూసలు జరుగుతున్నాయి. చుట్టు పూర్తయి, ముడి వేళ్లకు తగిలినప్పుడు ఆగింది.

"నాకు ఎరుకే బిడ్డా. నువ్వు అచ్చిపోయిన నాటి సంది తస్బీహ్ అందుతలేదు. ఏదో తప్పున్నదని పానం కొట్టుకున్నది. గట్టిగ అడగకపోతి. పొల్లకు జల్ది చల్లగైతాందని ఊకున్న. నీతోని నేను సుత జరిపినట్టే ఆ మీటను."

మళ్లీ పూసలు మొదలయ్యాయి. రెండో చుట్టు. గుమ్మంలో కుండలతో ఉన్నవాళ్లు కదలకుండా నిలబడ్డారు. మూడో చుట్టు. కిటికీ అవతల ఉస్తాద్ నెత్తి కనిపిస్తోంది, ఆయన కూడా ఆగి ఉన్నాడు. ఆ మూడు నిమిషాల్లో నేను నా బతుకంతా ఒకసారి చూసుకుని వచ్చాను. చివరి పూస జారింది. 'టక్'.

పొద్దుగూకేసరికి పిల్ల వేడి దిగింది. చిటికెడు ఉప్పు వేసిన నిమ్మకాయ షర్బత్ తాగి, ఇంకా కావాలంది. తండ్రి ఎనుమాముల నుంచి ఉరుకుతూ వచ్చాడు. ఒళ్లంతా మిర్చి దుమ్ము. ఆ దుమ్ముతో పిల్ల గదిలోకి రాకూడదు కాబట్టి గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. ఆయనకు కూడా చెప్పాను. ఎర్రబడ్డ కళ్లతో నన్ను చూశాడు. ఆ ఎరుపు మిర్చిదో, నా మీద కోపందో తెలియలేదు.

"ఇంకోపారి గట్ల చెయ్యవు గదా అన్నా" అన్నాడు.

"చెయ్య" అన్నాను. ఆయన స్నానానికి వెళ్లాడు.

తిరిగి వస్తూ ఉస్తాద్ హోటల్ దగ్గర ఆటో ఆపించి రెండు చాయ్‌లు చెప్పాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "మంచిగున్నది" అన్నాడు. చాయ్ గురించే అనుకుంటాను. సేటు ఆ ఏసీని మళ్లీ అడగలేదు. ఆ ఎండాకాలమంతా కూలర్ ముందు కూర్చుని, వచ్చినవాళ్లందరికీ కూలర్ గాలే ఒంటికి మంచిదని చెప్పి పంపేవాడు. ఏసీల షాపులో అది ఎంత బేరం చెడగొట్టే మాటో ఆయనకు తెలియక కాదు.

ఇదంతా జరిగి పన్నెండేళ్లు దాటింది. దాదీ పోయిన చలికాలంలో పోయింది, నిద్రలోనే. పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఏసీ మారింది, కానీ స్టెబిలైజర్ మాత్రం పాతదే ఉంచుకున్నారు. ఈ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"మామూ, ఏసీ లేటుగ వస్తాంది. దాదీ తస్బీహ్ పట్టుకొని చూస్తాన. మూడు చుట్లు ఒడిసి, ఇంకో రెండు చుట్లు తిప్పినా వస్తలేదు. ఏదో తప్పున్నది."

తస్బీహ్‌తో చెప్పిన రిపేరును ఒకసారి నవ్వి వదిలేసినవాణ్ని. ఈసారి నవ్వలేదు. పాత సంచి దులిపి, స్కూటర్ తీశాను. ఎండలో ఎందుకని ఇంట్లో అంటున్నా వినలేదు.

అదే గది. పరదా కొత్తది, రంగు మాత్రం పచ్చే. డబ్బా విప్పాను. మీట ఉండాల్సిన చోటే ఉంది. వోల్టేజీ చూశాను, వైర్లు చూశాను. ప్లగ్గు పీకి పెట్టి గడియారం చూశాను. సరిగ్గా మూడు నిమిషాలకు 'టక్' మంది. ఇంకోసారి చూశాను. అంతే. తప్పేమీ లేదు. కాసేపు ఆలోచించి, మళ్లీ ప్లగ్గు పీకి పెట్టాను.

"ఏదీ, నువ్వు తిప్పు బిడ్డా."

తిప్పింది. పూసలు జొన్నలు రాలినట్టు టపటపా జారాయి. ఎర్ర దీపం కుదురుకోకముందే మొదటి చుట్టు అయిపోయింది.

"మిషన్ మంచిగనే ఉన్నది. నువ్వే ఉరుకుతానవ్" అన్నాను.

ఆమె తస్బీహ్ వైపు చూసుకుంది. "మరి దాదీ ఎట్ల తిప్పేది?"

"నన్ను అడుగుతవేంది, ఒళ్లెనే పండుకుంటివి గదా. కండ్లు మూసుకో. యాదికొస్తది."

కళ్లు మూసుకుంది. ప్లగ్గు మరోసారి పీకి పెట్టాను. ఒక పూస జరిగి ఆగింది. ఇంకోటి జరిగింది. కొంతసేపటికి వేళ్లకు ఆ నడక దొరికింది. బయట ఏదో బండి అరుపు చాలా దూరం నుంచి వినిపించింది. నేను గోడకు ఆనుకుని, ఆ రోజు కూలబడిన చోటే కూర్చుని ఉన్నాను. మొదటి చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు. చివరి పూస ఇంకా ఆమె వేళ్ల కిందే ఉంది, 'టక్' మంది.

చల్లగాలి వచ్చింది. ఆమె కళ్లు తెరవలేదు.

"మామూ, నేను టబ్బుల ఉన్ననాడు సుత గింత మెల్లగనే తిప్పిందా?"

"గింత మెల్లగనే. ఒక్క పూస సుత ఉరకలే."

ఆ పిల్ల కంట నీళ్లు సరిగ్గా రావని ముందే చెప్పాను. పెదవులు మాత్రం అదిరాయి. తస్బీహ్‌ను గుప్పిట్లోకి తీసుకుని గుండెకు ఆనించుకుంది. లోపల వాళ్లమ్మ చాయ్ పెడుతున్నట్టుంది, గిన్నె చప్పుడు వినిపిస్తోంది. నాకు వేరే పనేమీ లేదు. అక్కడే కూర్చున్నాను.